సంఘం పుస్తకం నుంచి ఇంటి పుస్తకం దాకా

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని రాస్తా ఉన్నాం. ఈసారి ఆ లెక్కలు మన చేతికి ఎట్లా వచ్చినాయో ఆ చరిత్ర కొంచెం రాయాలనుకున్నాం. దానికి కారణం ఉంది. మా సంఘం సమావేశంలో ఒకసారి "పోయిన నెల మీ ఇంట్లో ఎంత ఖర్చయింది?" అని అడిగితే ఒక్కరంటే ఒక్కరు చెప్పలేకపోయారు. అడిగిన మేమూ చెప్పలేకపోయాం. సంఘం లెక్క పైసాతో సహా చెప్పేవాళ్లం, సొంత ఇంటి లెక్క దగ్గర మొహమొహాలు చూసుకున్నాం.

లెక్క మనది, రాత వేరేవాళ్లది

మా అవ్వల కాలంలో ఇళ్లలో లెక్క లేదనుకుంటే పొరపాటు. పాలు పోసిన పూటకొక బొగ్గు గీత గోడ మీద ఉండేది. ఇంట్లో రాగులు ఎన్ని మూటలున్నాయి, కొత్త పంట వచ్చేదాకా సంగటికి సరిపోతాయా లేదా అని అవ్వలు నోటితోనే చెప్పేవాళ్లు. పోపుల డబ్బాలో దాచిన దుడ్డు ఎంతో వాళ్లకు మాత్రమే తెలుసు.

అయితే రాసిన లెక్క మాత్రం అంగడి ఆయన దగ్గర, వడ్డీకిచ్చే ఆయన దగ్గర ఉండేది. రాసింది వాళ్లు, వేలిముద్ర వేసింది మనవాళ్లు. పండగకు గోడకు సున్నం కొడితే మన లెక్క పోతుంది. ఆయన పుస్తకంలోది పోదు. మాటా మాటా వచ్చినప్పుడు గెలిచేది పుస్తకమే.

చదువుతో మొదలైన లెక్క

ఈ పద్ధతి మారింది చదువుతోనే. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పొద్దుపోయినాక కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లు పలక పట్టుకొని కూర్చున్నారు. వాళ్ల వాచకంలో సారా వల్ల చెడిపోయిన ఇంటి కథ ఉండేది. ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్లు ఒక్కటై సారా అంగడి మూయించినారు. దూబగుంట రోశమ్మ పేరు అట్లా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మొగోళ్ల కూలిలో సారాకు పోతా ఉన్న దుడ్డు ఎంతో అప్పుడే ఇళ్లలో తెలిసొచ్చింది. నెల్లూరు అక్కలు రోజుకొక రూపాయి చొప్పున, నెలకు ముప్పై రూపాయలు పొదుపు చేయడం మొదలుపెట్టినారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు వచ్చింది. 1982 నుంచే డ్వాక్రా గ్రూపులు ఉన్నాయి. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. ఈ మూడు దారులూ కలిసి మన సంఘాలైనాయి.

ఇంకో దేశం సంగతి కూడా చెప్పాలి. జపాన్‌లో హనీ మొతొకో అనే ఆమె పత్రికా విలేకరి. 1904లో ఆమె ఇల్లాండ్ర కోసం ఇంటి లెక్కల పుస్తకం అచ్చు వేయించింది. దాన్ని వాళ్లు కకేబో అంటారు. నూరేళ్లు దాటినా ఆ దేశంలో ఇప్పటికీ రాస్తా ఉన్నారు. అక్కడ ఇంటి పుస్తకంతోనే మొదలైంది. మనకు ముందు సంఘం పుస్తకం వచ్చింది, ఇంటి పుస్తకం ఇంకా రావాల్సి ఉంది.

వెలుగు రోజులు

2000లో వెలుగు పథకం మొదట ఆరు జిల్లాల్లో వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, వాటితోపాటు మన చిత్తూరు. అప్పుడే గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు గట్టిపడినాయి. తీర్మానాల పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, సభ్యుల పాసు పుస్తకం ఇవన్నీ ఇంట్లో ట్రంకు పెట్టెలోకి వచ్చినాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం, ఈ పంచసూత్రాలు మనకు నోటికి వచ్చేశాయి.

ఆ రోజుల్లో గ్రామ సమాఖ్యలు బియ్యం ఒకేసారి టోకున కొని సభ్యులకు అప్పుగా ఇచ్చేవి. దానికోసం ప్రతి ఇంటినీ ఒక ప్రశ్న అడిగేవాళ్లు: రేషన్ బియ్యం పోగా నెలకు ఇంకా ఎన్ని కిలోలు కావాలి? ఆలోచిస్తే మన ఇళ్లలో నెల ఖర్చు అనే మాట కాగితం మీదికి ఎక్కింది ఆ బియ్యంతోనే. అంగట్లో కిలో కిలో కొనడానికీ, మూట కొనడానికీ తేడా ఎంతో అందరికీ తెలిసింది. కానీ లెక్క బియ్యం దగ్గరే ఆగిపోయింది.

తర్వాత బ్యాంకు లోనుకు ముందు సూక్ష్మ రుణ ప్రణాళిక వచ్చింది. ఇంటి ఆదాయం, ఖర్చు, పాత అప్పులు అన్నీ అందులో గడులు ఉన్నాయి. మంచి కాగితమే. కానీ మనం దాన్ని లోను కోసం రాసినాం, ఇంటి కోసం రాయలేదు. పక్కింటి అక్క ఎంత రాసిందో చూసి మనమూ అంతే రాసిన సందర్భాలు లేవా? లోను వచ్చినాక ఆ కాగితం మళ్లీ తీసి చూసినామా?

2010 నేర్పిన పాఠం

మా సంఘంలో ఒక అక్క కంతు ఏ నెలా తప్పలేదు. అప్పుల లెడ్జరులో ఆమె పేజీ చూస్తే ముచ్చటగా ఉండేది. అదే సమయంలో ఇంటికి వచ్చి వారం వారం వసూలు చేసుకునే అప్పులు ఆమెకు మూడు ఉండేవి. ఒకదాని కంతు కట్టడానికి ఇంకోటి తీసుకున్నది. చివరికి పాలిచ్చే ఆవును అమ్మినాక మాకు తెలిసింది. సంఘం పుస్తకంలో ఒక్క మచ్చ లేదు, ఇల్లు మాత్రం మునిగిపోయింది. ఆమె చెప్పలేదు అని అప్పుడు అనుకున్నాం. మేము అడగలేదు అనేది తర్వాత అర్థమైంది.

ఇట్లాంటి ఇళ్లు రాష్ట్రమంతా ఉన్నాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం మైక్రో ఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ సంస్థలు రిజిస్టరు చేసుకోవాలి, వసూలు నెల కంతుల్లోనే ఉండాలి, ఇంటి గడప దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురికీ కనబడే చోట జరగాలి అని నియమం పెట్టినారు. 2011లో స్త్రీనిధి వచ్చింది. చట్టం బయటి అప్పును కట్టడి చేస్తుంది. ఇంట్లో ఎన్ని అప్పులున్నాయో ఒకచోట చూపించేది మాత్రం ఇంటి పుస్తకమే.

ఇప్పుడు అప్పు ఇంటికి నడిచి కూడా రావడం లేదు, ఫోన్‌లోనే వస్తా ఉంది. ఫోన్ పేలో కట్టేటప్పుడు దుడ్డు చేతిలో నుంచి పోయినట్టే ఉండదు. ఈ కాలంలో పోపుల డబ్బా లెక్క సరిపోదు.

మన నెల వేరు

ఉద్యోగస్తులకు ఒకటో తేదీ జీతం వస్తుంది, నెల బడ్జెట్ వేసుకుంటారు. మనకు పాల బిల్లు పదిహేను దినాలకు, కూలి వారానికి, పట్టుగూళ్ల దుడ్డు పంట తీసినప్పుడు, టమోటా దుడ్డు ధర ఉంటేనే వస్తుంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో నూరు రూపాయలు దాటింది. కోత కూలి కూడా రాక చేలోనే వదిలేసిన ఏడాదులు మనకు తెలుసు. టమోటా దుడ్డు ఒక్కసారే వస్తుంది, కంతు నెలనెలా వస్తుంది. అందుకే మన బడ్జెట్‌కు వచ్చిన దుడ్డును రాని నెలలకు పంచడమే ముఖ్యం.

మా సంఘంలో పిల్లల పాత నోటు పుస్తకాల్లో మిగిలిన పేజీలతో మొదలుపెట్టినాం. ఒక ఇంటి మొదటి నెల లెక్క ఇట్లా వచ్చింది. పాలు రూ.9,000, కూలి రూ.6,000, మొత్తం రూ.15,000 ఆదాయం. ఖర్చులో బియ్యం, బేడలు, నూనె, ఎర్రగడ్డలు రూ.4,500. ఆవులకు దాణా రూ.3,200. కంతులు రూ.2,500. పిల్లల చదువు, బస్సు రూ.1,200. గ్యాసు, కరెంటు, ఫోను రూ.1,100. మందులు రూ.800. పుంగనూరు జాతర, బోయకొండ మొక్కు, సంక్రాంతి గుడ్డలు ఏడాదికి రూ.7,200 అయితే నెలకు రూ.600 పక్కన పెట్టాలి. ఇవన్నీ కలిపి రూ.13,900. మిగలాల్సింది రూ.1,100. మిగలలేదు. రూ.1,200 చేబదులు తెచ్చుకున్నారు. అంటే రూ.2,300 ఎక్కడో పోయింది.

దాన్ని మేము చిల్లర అని ఒక గడి పెట్టినాం. అందులో మొగాయన బీడీలు, టీలు ఉన్నాయి. పిల్లల ప్యాకెట్లు ఉన్నాయి. సంతలో మనం బాగుందని కొన్న సామానూ ఉంది. తప్పు ఒకరిదే అని ఆ పేజీ చెప్పలేదు. అందుకే ఇంట్లో కొట్లాట కాలేదు. ఇద్దరూ కూర్చొని చూసినారు. మూడో నెలకు చిల్లర రూ.1,000కి దిగింది, చేబదులు ఆగింది.

అందరికీ ఇట్లా జరిగిందని చెప్పడం లేదు. మొదలుపెట్టినవాళ్లలో సగం మంది రెండో నెలకే మానేసినారు. రాయడం రాని అక్కలకు బిడ్డలు రాసిపెడతా ఉన్నారు. అప్పు గడి ఖాళీగా వదిలేసినవాళ్లూ ఉన్నారు, సిగ్గుపడి. ఆ గడి నింపమని మేము బలవంతం చేయలేదు. సంఘంలో అందరి ముందర చదవాల్సిన పని లేదు, ఇంటి పుస్తకం ఇంటిదే అని తీర్మానం రాసుకున్నాం. ఆ తీర్మానం తర్వాతే ఇద్దరు అక్కలు వచ్చి, లీడరును పక్కకు పిలిచి, బయటి అప్పు సంగతి చెప్పినారు. ఆవు అమ్ముడుపోక ముందే ఈసారి తెలిసింది.

అక్కలారా, అంగడి ఆయన పుస్తకం నుంచి సంఘం పుస్తకం దాకా రావడానికి మన అమ్మలకు చాలా కాలం పట్టింది. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. మొదటి పేజీలో పోయిన పాల బిల్లు రాయండి, దాని కింద ఇంట్లో ఉండే అప్పులన్నీ రాయండి. మిగతాది కలిసి నేర్చుకుందాం.