బాట పక్కన ఊరు

అపలాచియన్ ట్రెయిల్‌కి దగ్గర్లో, మన జీతానికి అందే ఊరేదైనా ఉందా? గత కొన్నేళ్ళుగా ఈ ప్రశ్న చాలామంది నోట వింటున్నాను. ఇంటి నుంచే పని చేసుకునేవాళ్ళు అడుగుతున్నారు, రిటైరైనవాళ్ళు అడుగుతున్నారు, న్యూయార్క్ అద్దెలు కట్టి కట్టి విసిగినవాళ్ళు అడుగుతున్నారు. తెలుగువాళ్ళు గుంపుగా ఉండే న్యూజెర్సీ ఎడిసన్ నుంచి కూడా గంటన్నర కారు నడిపితే ఆ బాట మీద కాలు పెట్టొచ్చు కాబట్టి, అడిగేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. జవాబుగా ఎవరైనా నాలుగు ఊళ్ళ పేర్లు చెప్తారు. నాకు మాత్రం ఊళ్ళ పేర్ల కంటే ఆ ప్రశ్న వయసు మీద ఆసక్తి. అది నూరేళ్ళు దాటిన ప్రశ్న. అసలు ఆ బాట పుట్టిందే ఆ ప్రశ్నలోంచి.

ముందు బాట సంగతి. దక్షిణాన జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ దాకా, 14 రాష్ట్రాల మీదుగా, దాదాపు 2,190 మైళ్ళు. ఒక్క ఊపున మొత్తం నడవాలంటే అయిదారు నెలలు పడుతుంది. దీన్ని మొదట ఊహించినవాడు బెంటన్ మెకై. హార్వర్డ్‌లో అటవీశాస్త్రం చదివి ప్రభుత్వ కొలువు చేసినవాడు. 1921 అక్టోబరులో ఒక వ్యాసం రాశాడు. అది అచ్చయింది కొండలెక్కేవాళ్ళ పత్రికలో కాదు, అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ పత్రికలో. ఇళ్ళు కట్టేవాళ్ళ పత్రికలో కాలిబాట గురించి ఎందుకు రాశాడు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే మిగతా కథంతా విడివడుతుంది.

వ్యాసం శీర్షికలోనే ఇది ప్రాంతీయ ప్రణాళికకి సంబంధించిన పథకమని ఉంటుంది. అందులో మెకై నాలుగు అంగాలు చెప్పాడు. ఒకటి, కాలిబాట. రెండు, ఒక రోజు నడక దూరానికొకటి చొప్పున తలదాచుకునే బసలు. మూడు, బాటకి చేరువలో మనుషులు ఇళ్ళు కట్టుకుని ఉండే చిన్న చిన్న సముదాయాలు. నాలుగు, ఆ సముదాయాలకి తిండి పండించే పొలాలు. మూడో దాని దగ్గర ఆయన ఒక షరతు పెట్టాడు. ఆ నేల అక్కడ ఉండేవాళ్ళందరి ఉమ్మడి సొత్తు కావాలి, రియల్ ఎస్టేట్ వ్యాపారం కాకూడదు. అంటే ఆయన మనసులో బాట ఒక వీధి లాంటిది. వీధి వేసేది పక్కన ఇళ్ళు కట్టుకోడానికే కదా.

ఈ ఆలోచన ఆయనకి గాల్లోంచి రాలేదు. 1919లో కార్మిక శాఖ కోసం ఒక పెద్ద నివేదిక రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకి పని కావాలి, ఉండడానికి చోటు కావాలి. ప్రభుత్వ భూముల్లో స్థిరమైన పల్లెలు కట్టండి, ఆ నేల మీద సట్టా వ్యాపారం జరగనివ్వకండి అని అందులో వాదించాడు. చెట్లు కొట్టే కూలీలు కుటుంబాల్లేకుండా గుడారాల్లో బతికే పద్ధతి పోవాలని ఆయన కోరిక. నివేదిక అచ్చయింది, పని జరగలేదు. అదే రోజుల్లో న్యూయార్కులో ఇళ్ళు దొరక్క అద్దె సమ్మెలు జరిగాయి. 1920లో ఆ రాష్ట్రం అత్యవసర అద్దె చట్టాలు తేవాల్సి వచ్చింది.

సొంత ఇంట్లో కూడా ఒక విషాదం జరిగింది. ఆయన భార్య జెస్సీ హార్డీ స్టబ్స్ స్త్రీల ఓటు హక్కు కోసం, యుద్ధాలకి వ్యతిరేకంగా పనిచేసిన మనిషి. మానసికంగా చాలా నలిగిపోయింది. 1921 ఏప్రిల్లో న్యూయార్కులో ఈస్ట్ రివర్లో పడి ప్రాణం తీసుకుంది. ఆ వేసవిలో స్నేహితుడు, ఆ ఆర్కిటెక్టుల పత్రిక సంపాదకుడు చార్ల్స్ విటకర్ మెకైని న్యూజెర్సీ పల్లెపట్టున తన ఇంటికి తీసుకెళ్ళాడు. బాట ఆలోచన కాగితం మీదకొచ్చింది ఆ రోజుల్లోనే. జూలైలో విటకర్ ఆయన్ని క్లారెన్స్ స్టైన్ అనే ఆర్కిటెక్టుకి పరిచయం చేశాడు. తర్వాత ఆ వ్యాసాన్ని ఊరూరా పంచిపెట్టిందీ, న్యూయార్క్ క్వీన్స్‌లో సనీసైడ్ గార్డెన్స్, న్యూజెర్సీలో రాడ్‌బర్న్ లాంటి నివాసాలకి రూపమిచ్చిందీ ఈ స్టైనే. పల్లె గాలి, అలసిన మనసులకి ఊరట అని మెకై రాసిన వాక్యాలని ఇది తెలిశాక చదివితే పర్యాటక ప్రకటనలా అస్సలు అనిపించవు.

మరి ఆ నాలుగింట్లో ఏవి దక్కాయి?

బాట దక్కింది. 1923లో న్యూయార్క్ దగ్గర బేర్ మౌంటెన్‌లో మొదటి ముక్క తెరిచారు. 1925లో వాషింగ్టన్లో సభ పెట్టి సంస్థ కట్టారు. 1931 నుంచి దాని పగ్గాలు మైరన్ ఏవరీ చేతిలోకి వచ్చాయి. నౌకా వ్యవహారాల లాయరు, మెయిన్ రాష్ట్రం మనిషి. కొలత చక్రం తోసుకుంటూ బాటంతా తిరిగినవాడు. ముక్కలు ముక్కలుగానైనా మొత్తం నడిచిన మొదటి మనిషి ఆయనే. 1937 ఆగస్టు 14న మెయిన్‌లో ఆఖరి మైళ్ళు కలిశాయి. రాత్రి బసలు కూడా కట్టారు. ఉమ్మడి పల్లెలు, పొలాలు మాత్రం కాగితం మీదే ఉండిపోయాయి.

ఏవరీకీ మెకైకీ పడలేదు. షెనండోవా కొండల నెత్తి మీద ప్రభుత్వం స్కైలైన్ డ్రైవ్ అనే కారు రోడ్డు వేస్తుంటే మెకై వద్దన్నాడు. రోడ్డు ఎలాగూ వస్తుంది, బాటని పక్కకి జరుపుకుందాం అన్నాడు ఏవరీ. 1935 నాటికి మాటలు తెగిపోయాయి. ఈ గొడవలో చాలామంది మెకై పక్షం తీసుకుంటారు. నాకు ఏవరీ మీద కోపం లేదు, ఆయన లేకపోతే నడవడానికి బాటే లేదు. నా ప్రశ్న వేరు. పల్లెలెందుకు ఆగిపోయాయి? బాటకి కావలసింది రెండడుగుల వెడల్పు, దాటనిచ్చే మంచితనం. పల్లెకి నేల కావాలి, ఆ నేల వదులుకునే యజమాని కావాలి. నడక ఎవరి ఆస్తికీ ఎసరు పెట్టదు. ఉమ్మడి పల్లె పెడుతుంది.

పైగా ఆ కొండలు ఖాళీగా ఏమీ లేవు. 1838లో చెరొకీలని వాళ్ళ నేల మీంచి సైన్యం పెట్టి పడమటికి తరిమేశారు. వాళ్ళు ఏడుస్తూ నడిచిన దారినీ ఇంగ్లీషులో ట్రెయిల్ అనే అంటారు. నూరేళ్ళ తర్వాత, వర్జీనియాలో షెనండోవా నేషనల్ పార్కు కోసం సుమారు 500 తెల్ల రైతు కుటుంబాలని కొండల మీంచి దించేశారు. అదే పార్కులో 1939లో నల్లవాళ్ళకి విడిగా లూయిస్ మౌంటెన్ అనే విడిది పెట్టారు. మెకై 1934 నుంచి రెండేళ్ళు టెనెసీ వ్యాలీ అథారిటీలో పనిచేశాడు. ఆ సంస్థ నోరిస్ అనే చక్కటి ఊరు కట్టింది, తన కలకి బాగా దగ్గరగా వచ్చిన ఊరు. అందులో నల్లవాళ్ళకి ఇల్లివ్వలేదు. కాబట్టి ఉమ్మడి పల్లె అనగానే, ఎవరెవరి ఉమ్మడి అని కూడా అడగాలి. గోధుమరంగు చర్మంతో ఆ ఊళ్ళకి వెళ్దామనుకునే మనం మరీ అడగాలి.

1968లో జాతీయ ట్రెయిళ్ళ చట్టం వచ్చింది. 1978లో ఆ చట్టాన్ని సవరించి, బాటకి రెండు వైపులా భూమి కొనడానికి 9 కోట్ల డాలర్లు మంజూరు చేశారు. సగటున 1,000 అడుగుల వెడల్పు పట్టీ. ఇప్పుడు బాట దాదాపు మొత్తం ప్రభుత్వ భూమిలోనో రక్షిత భూమిలోనో ఉంది. గొప్ప విజయమే. అయితే దాని అర్థం ఇంకొకటుంది. కొండ నెత్తి మార్కెట్ నుంచి బయటపడింది, లోయ మార్కెట్లోనే ఉండిపోయింది. నడిచేవాడికి రాత్రి బస చాలావరకు ఉచితం. అక్కడే ఉండిపోవాలనుకునేవాడు మాత్రం కింద లోయలో ధర కట్టాలి.

ఆ ధర కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ తక్కువే. ఎందుకు తక్కువో చూస్తే ప్రతి ఊరికీ ఒక ఖాళీ అయిన చరిత్ర ఉంది.

వర్జీనియాలో డమాస్కస్ ఉంది. జనాభా 800 లోపు. బాట సరాసరి ఊరి వీధిలోంచే వెళ్తుంది. దాని పాత పేరు మాక్స్ మిల్. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో జనరల్‌గా చేసిన జాన్ ఇంబోడెన్ ఇక్కడ ఇనుము దండిగా దొరుకుతుందని నమ్మి, ఉక్కుకి పేరుపడ్డ సిరియా నగరం పేరు పెట్టాడు. ఇనుము పెద్దగా దొరకలేదు. తర్వాత కలప వచ్చింది, 1900లో రైలు వచ్చింది. కొండలు బోడి అయ్యాక కలప పోయింది, 1977లో ఆఖరి రైలూ పోయింది. ఆ పట్టాలు పీకేసిన దారే వర్జీనియా క్రీపర్ ట్రెయిల్ అనే సైకిల్ బాట అయింది. 1987 నుంచి ఏటా మే నెలలో నడకవాళ్ళ తిరునాళ్ళు జరుగుతోంది.

టెనెసీలో ఎర్విన్ ఉంది. క్లించ్‌ఫీల్డ్ రైల్వే కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు, బొగ్గు మోసిన రైలు. 2015లో అక్కడి రైల్వే యార్డు మూసేశారు, దాదాపు 300 ఉద్యోగాలు పోయాయి. మసాచుసెట్స్‌లో నార్త్ ఆడమ్స్ ఉంది. స్ప్రేగ్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ ఊరంతటికీ అన్నం పెట్టింది. 1985లో అది మూతపడింది. ఆ ఇటుక భవనాల్లోనే 1999లో మాస్ మోకా అనే ఆధునిక కళల మ్యూజియం తెరిచారు.

నన్ను ఎక్కువసేపు ఆపింది నార్త్ కరోలినాలోని హాట్ స్ప్రింగ్స్. ఇక్కడా బాట ఊరి నడిబొడ్డులోంచే వెళ్తుంది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక, ఓడరేవుల్లో పట్టుబడ్డ జర్మన్ వాణిజ్య నౌకల సిబ్బందిని రెండువేల మందికి పైగా తెచ్చి ఇక్కడి పెద్ద హోటల్లో నిర్బంధించారు. వాళ్ళు ఖాళీగా కూర్చోలేదు. ఏట్లో కొట్టుకొచ్చిన చెక్కలు, పారేసిన డబ్బారేకులు ఏరుకుని ఆవరణలో బొమ్మరిళ్ళ లాంటి ఒక పల్లె కట్టుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే వాళ్ళని వేరేచోటికి తరలించారు, పల్లె కూడా పోయింది. మెకై వ్యాసం రావడానికి మూడు నాలుగేళ్ళ ముందే, అమ్మకం కొనుగోలు లేని నేల మీద, అందరి చేతులూ పడి కట్టిన పల్లె ఆ బాట పక్కన నిలబడిందన్నమాట. కట్టింది ఖైదీలు. స్వేచ్ఛగా ఉన్నవాళ్ళకి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఇక 2024 సెప్టెంబరు. హెలీన్ తుపాను. డమాస్కస్ మునిగింది, అక్కడి నుంచి వైట్‌టాప్ దాకా సైకిల్ బాట వంతెనలతో సహా కొట్టుకుపోయింది. హాట్ స్ప్రింగ్స్ వీధుల్లోకి ఏరు వచ్చింది. ఎర్విన్‌లో బాట నోలిచకీ నదిని దాటే వంతెన పోయింది. ఊరి ఆసుపత్రి నీళ్ళలో చిక్కుకుంటే, కప్పు మీదికెక్కిన 50 మందికి పైగా రోగుల్ని, సిబ్బందిని హెలికాప్టర్లతో దించారు. కొండ ప్రాంతంలో చదును నేల ఉండేది ఏటి ఒడ్డునే. రైలు పట్టాలు అక్కడే వేశారు, మిల్లులు అక్కడే పెట్టారు, కూలీల ఇళ్ళు అక్కడే కట్టారు. ఈరోజు తక్కువ ధరకి దొరికే ఇల్లూ చాలావరకు అక్కడిదే. తీరా కొనబోతే, వరద ప్రమాదం కూడా ఆ ధరలో కలిసే ఉంటుంది.

కాబట్టి నన్ను ఊరి పేరడిగేవాళ్ళకి నేను ముందు ఊరి గతం చదవమంటాను. ఇక్కడ ఏం మూతపడింది? దాంట్లో పనిచేసినవాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారా? 2024లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, నవంబరులో నడకవాళ్ళు వెళ్ళిపోయాక కిరాణా కొట్టు తెరిచి ఉంటుందా? ఇవి ఎవరైనా అడిగేవే. అడగని ప్రశ్న ఇంకొకటుంది. నగరం జీతంతో మనం వెళ్తే, పది పన్నెండు ఇళ్ళు చేతులు మారితే చాలు, 800 మంది ఊళ్ళో అద్దెలు కదుల్తాయి. నెలవారీ అద్దెకిచ్చే ఇల్లు వారాంతపు బసగా మారుతుంది. హోటల్లో వంట చేసేవాళ్ళు, బడిలో పాఠం చెప్పేవాళ్ళు పక్క లోయకి వెళ్ళి ఇల్లు వెతుక్కుంటారు. మనకి చవకైన ఊరు వాళ్ళకి ఖరీదైపోతుంది.

దీనికి వెళ్ళకపోవడం జవాబని నేననుకోను. ఊళ్ళు మనుషుల్లేకే చచ్చిపోతున్నాయి, పిల్లల్లేక బళ్ళు మూతపడుతున్నాయి. వెళ్ళేవాళ్ళు ఇల్లు ఒక్కటే కాదు, ఊరి బాధ్యత కూడా కొనుక్కోవాలి. అమ్మకానికి వీల్లేకుండా నేలని ఊరి పేర పెట్టే ల్యాండ్ ట్రస్టులు అమెరికాలో చాలా చోట్ల నడుస్తున్నాయి. మెకై పెట్టిన షరతుకి ఇవాళ ఉన్న ఆచరణ రూపం అదే. ఊరి సభకి వెళ్ళి దానికి చెయ్యెత్తే కొత్తవాడు ఆ ఊరికి పనికొస్తాడు.

మెకై తన జీవితంలో ఎక్కువ కాలం ఉన్నది మసాచుసెట్స్‌లోని షర్లీ సెంటర్లో. చిన్నప్పుడే కుటుంబంతో వచ్చిన పల్లె. మధ్యలో పచ్చిక, చుట్టూ ప్రార్థనాలయం, ఊరి సభకి ఒక హాలు, బడి, కొన్ని ఇళ్ళు. చేతిలో డబ్బు ఎప్పుడూ పెద్దగా లేదు. తను ఊహించిన బాట మొత్తం ఆయన ఎప్పుడూ నడవలేదు. 1975లో, 96వ ఏట అక్కడే పోయాడు. ఊరంటే ఎలా ఉండాలో రాసిన ప్రతిసారీ ఆయన కళ్ళముందున్నది ఆ పల్లే. అపలాచియన్ ట్రెయిల్ దాని దరిదాపుల్లోంచి కూడా వెళ్ళదు.