అహోబిల నరసింహ కథ: పునఃకథనాల చరిత్ర

అహోబిల నరసింహ కథ నంద్యాల జిల్లా (2022 వరకు కర్నూలు జిల్లా) ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం చుట్టూ అల్లుకున్న కథ. పురాణం, నాటకం, యక్షగానం, సినిమా మీదుగా ఈనాటికీ దాన్ని తిరగ చెబుతూనే ఉన్నారు. ఇందులో రెండు ముక్కలున్నాయి. కన్నకొడుకు ప్రహ్లాదుణ్ణి చంపబోయిన తండ్రి హిరణ్యకశిపుణ్ణి నరసింహుడు గడప మీద చీల్చి చంపడం మొదటిది. చంపాక కూడా కోపం చల్లారక అడవులు పట్టి తిరిగిన ఆ దేవుడు అక్కడి చెంచు తెగ పిల్లను మనువాడడం రెండోది. నెత్తురూ భయమూ నిండిన పాత కథలను నేటి కుర్రకారు బతుకులో పెట్టి నవలగా రాయాలంటే తెలుగులో ఇంతకు మించిన ముడిసరుకు దొరకదు. అయితే పిల్లలకు చెప్పిన వాళ్ళు చాలావరకు మొదటి ముక్కతోనే ఆగిపోయారు.

కథ జరిగిన చోటు అని చెప్పే గుర్తులు ఎగువ అహోబిలంలో అడుగడుగునా ఉన్నాయి. నరసింహుడు బయటికి రావడానికి స్తంభం పగిలిన చోటుగా ఉగ్రస్తంభం అనే నిట్టనిలువు కొండకొమ్మును చూపిస్తారు. జ్వాలా నరసింహుడి గుహలో హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకుని పేగులు తీస్తున్న ఎనిమిది చేతుల విగ్రహం ఉంది. దాని దగ్గరే రక్తకుండం. స్వామి చేతులు కడుక్కున్న మడుగు అదేనంటారు. ఇంకాస్త దూరంలో ప్రహ్లాద బడి. పిల్లవాడి బడి, తండ్రి చావు, నెత్తుటి మడుగు ఒకే కొండదారిలో పడతాయి. నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ఈ క్షేత్రాన్ని తిరుమంగై ఆళ్వారు తమిళంలో పాడినప్పుడు కూడా వేటగాళ్ళు తిరిగే, దారి దొరకని అడవిగానే వర్ణించాడు.

తెలుగులో ఈ కథను కావ్యంగా చెప్పినవాడు 14వ శతాబ్దపు ఎఱ్ఱన. అయిదు ఆశ్వాసాల ‘నృసింహపురాణము’ను రాజుకు కాక అహోబిల స్వామికే అంకితమిచ్చాడు. తాత కలలో కనిపించి రాయమన్నాడని చెప్పుకున్న ఈ కవి బిరుదు శంభుదాసుడు. శివుడి దాసుడు విష్ణుకథ రాయడానికి అప్పట్లో అడ్డేమీ లేదు. తర్వాత పోతన భాగవతం సప్తమ స్కంధం ద్వారా ప్రహ్లాద చరిత్ర ఇంటింటికీ, బడిబడికీ చేరింది.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన స్నోవైట్ కథలో కూతుర్ని చంపించబోయేది కన్నతల్లే. 1819 కూర్పులో ఆమెను సవతి తల్లిగా మార్చారు. ప్రహ్లాద కథకు ఆ గతి పట్టలేదు. విషం పెట్టించినా, ఏనుగులతో తొక్కించినా, కొండ మీంచి తోయించినా హిరణ్యకశిపుడు పాఠ్యపుస్తకాల్లో సైతం కన్నతండ్రిగానే మిగిలాడు. పిల్లలు తట్టుకోలేరని తెలుగువాళ్ళు అనుకోలేదు.

రెండో ముక్కకు వేరే దారి. 16వ శతాబ్దంలో అహోబిల మఠం ఏడవ జీయరు (పీఠాధిపతి) ‘వాసంతికా పరిణయం’ అనే సంస్కృత నాటకంలో స్వామికీ అడవిపిల్లకూ పెళ్ళి చేశాడు. ఓబయమంత్రి యక్షగానం ‘గరుడాచలము’ అదే కథను ఆటకెక్కించింది. జనం చెప్పుకునే కథలో పిల్లనివ్వడానికి చెంచులు పరీక్షలు పెడతారు: చెట్టెక్కాలి, తేనె తీయాలి, గడ్డలు తవ్వాలి. రాక్షసుణ్ణి చీల్చిన గోళ్ళతో గడ్డలు తవ్వడం కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు. కోపిష్ఠి యువకుడు మనిషిగా మారే కథ అక్కడే ఉంది.

ఈ ముక్కను బతికిస్తున్నది పారువేట ఉత్సవం. కనుమనాడు స్వామి పల్లకీ ఎక్కి, నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పై పైచిలుకు ఊళ్ళు తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని పిలుస్తాడు. బయల్దేరేటప్పుడు చెంచులు పల్లకీ వైపు బాణాలు వేసి, ఆ వెంటనే దండం పెడతారు. వాళ్ళకు ఆయన ఇంటి అల్లుడు. కర్నూలు, కడప పల్లెల్లో ఓబులేసులు, ఓబులమ్మలు, ఓబుల్‌రెడ్లు ఇంతమంది ఉండడం ఈ స్వామి పేరు పెట్టుకోవడం వల్లే.

రంగస్థలం మళ్ళీ ప్రహ్లాదుణ్ణే ఎంచుకుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం ఆడిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే, హెచ్.ఎం.రెడ్డి చేతిలో 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ అయింది. 1967 నాటి ఏవీఎం చిత్రంలో బాల ప్రహ్లాదుడు రోజారమణి. రెండు ముక్కలనూ ఒకే కథగా కుట్టింది మాత్రం బి.ఎ.సుబ్బారావు 1958లో తీసిన ‘చెంచులక్ష్మి’: ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, అక్కినేని, అంజలీదేవి జంట. అందులోనూ పాటలూ సరసమూ పైకి తేలాయి, బీభత్సం వెనక్కి జరిగింది.

ఇక అచ్చులో, పదేళ్ళు దాటిన పిల్లలకు చీకటి కథలు అలవాటు చేసింది 1947లో మొదలైన పిల్లల పత్రిక ‘చందమామ’. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ మాంత్రికులతో, భయంకర అడవులతో ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. అయితే ఆ అడవులకు ఊరూ పేరూ లేవు.

అడవికి అహోబిలం ఉన్న నల్లమల పేరే పెట్టి, ఈ కాలపు కుర్రవాణ్ణి అందులోకి పంపిన నవల కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి పొందింది. కరువుకు ఊళ్ళో మేతా నీళ్ళూ అడుగంటితే గొర్రెల మందలను వారాల తరబడి అడవికి తోలుకుపోవడమే కొండపొలం. ఉద్యోగం దొరకని, భయస్తుడైన ఇంజనీరింగు పట్టభద్రుడు రవి గొర్రెలతో వెళ్ళి పెద్దపులికి ఎదురునిలుస్తాడు. ఇది నరసింహ కథకు తిరగరాత కాదు, దేవుళ్ళెవరూ రారు. కానీ అడవి పెట్టే పరీక్షలో నెగ్గి మనిషవడం అనే వెన్నెముక అదే. 2021లో క్రిష్ దీన్ని సినిమాగా తీశారు.

2025 జులైలో తెలుగులోనూ విడుదలైన యానిమేషన్ చిత్రం ‘మహావతార్ నరసింహ’ కొత్త తరాన్ని థియేటర్లకు రప్పించింది. అదీ ప్రహ్లాద కథే. చెంచుపిల్ల ఊసు అందులో లేదు.