ఆల్ఫా ఫై ఆల్ఫా: అవసరంలోంచి పుట్టిన సేవ

అమెరికా కళాశాలల్లో ఫ్రాటర్నిటీ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమాలు చూపించిన దృశ్యమే. గ్రీకు అక్షరాలు తగిలించిన పెద్ద ఇల్లు, వారాంతపు విందులు, కొత్తగా చేరినవాళ్లను వేధించే పాతవాళ్లు. ఇలాంటి సంఘాలు సమాజ సేవ కూడా చేస్తాయంటే, పేరు నిలబెట్టుకోవడానికి జరిపే తంతు కాబోలు అనిపిస్తుంది. ఆ అనుమానం చాలాచోట్ల నిజం కూడా. కానీ 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు స్థాపించిన ఆల్ఫా ఫై ఆల్ఫా చరిత్రను మొదటినుంచీ చదివితే వేరే సంగతి తేలుతుంది. చదువు మధ్యలో ఆగిపోకుండా ఒకరికొకరు కాపు కాయడంతో ఆ సంఘం మొదలైంది. తర్వాతి అర్ధశతాబ్దంలో బడుల్లో, ఓటు హక్కు ప్రచారాల్లో, కోర్టుల్లో అది చేసిందంతా ఆ కాపునే గడప దాటించడం. సేవ తమ సొంత అవసరంలోంచి పుట్టింది కాబట్టే ఇన్ని తరాలు నిలిచిందని నా వాదన.

ఫ్రాటర్నిటీల పూర్వచరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పా గ్రీకు అక్షరాల పేర్లకు నాంది. అది తర్వాత ప్రతిభావంతుల గౌరవ సంఘంగా మారింది. 1825 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కళాశాలలో పుట్టిన సంఘాలు ఇప్పటి ఫ్రాటర్నిటీలకు అచ్చు పోశాయి. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి అవి సొంత ఇళ్లు కట్టుకున్నాయి. అక్కడ గది, భోజనం దొరికేవి, సీనియర్ల సలహా, పరిచయాలు అందేవి. విద్యార్థి బతుకుకు కావలసినవి ఒకేచోట దొరికేవి, తెల్లవాడైతే.

ఇథాకా పట్టణంలోని కార్నెల్ 1868లో తలుపులు తెరిచినప్పుడు ఎవరైనా వచ్చి చదువుకోవచ్చని ప్రకటించింది. ఆ కాలానికి అది చిన్న మాట కాదు. అయితే ప్రవేశం దొరకడం వేరు, నాలుగేళ్లు నిలదొక్కుకోవడం వేరు. 1904–05లో అక్కడ చదివిన నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. ఈ వ్యాసంలో ఉన్న అంకెలన్నిటిలో నాకు ముఖ్యంగా తోచేది ఈ ఆరు. ఎందుకంటే మిగిలినవాళ్లు దాన్ని ఎవరో కొందరి వైఫల్యంగా తీసుకోలేదు, రేపు తమకూ జరగబోయేదిగా చూశారు. వాళ్లలో కొందరు తెల్లవాళ్ల ఫ్రాటర్నిటీ ఇళ్లలోనే వడ్డన పని చేసి చదువుకుంటున్నారు. సంఘంగా ఉండడంవల్ల ఒక విద్యార్థికి ఏమేం సమకూరుతాయో ఆ భోజనాల గదుల్లో వాళ్లు దగ్గరనుంచి చూశారు. 1905–06లో కలిసి చదువుకునేందుకు, పరీక్షలకు సాయపడుకునేందుకు ఒక బృందంగా ఏర్పడ్డారు. చోటిచ్చింది విశ్వవిద్యాలయం కాదు, ఇథాకాలో స్థిరపడిన నల్లజాతి కుటుంబాలు. వాళ్ల ఇళ్ల ముందుగదుల్లోనే సమావేశాలు జరిగేవి. అంటే ఊరు విద్యార్థులకు చేసిన సాయం, విద్యార్థులు ఊరికి చేసిన సాయం కన్నా ముందుది. సేవ గురించి మాట్లాడేటప్పుడు ఈ వరస మరిచిపోకూడదు.

ఆ బృందంలో ఒక గట్టి వివాదం నడిచింది. మొదట అధ్యక్షత వహించిన చార్ల్స్ పాయిన్‌డెక్స్‌టర్‌కు సాహిత్య, సామాజిక క్లబ్బుగా ఉంటే చాలనిపించింది. మరికొందరికి ప్రమాణాలతో, శాశ్వత సభ్యత్వంతో కట్టుబడే ఫ్రాటర్నిటీయే కావాలనిపించింది. తమను దూరంగా ఉంచిన తెల్లవాళ్ల పద్ధతినే తాము ఎందుకు అనుకరించాలన్న ప్రశ్న ఈరోజు చదివేవారికీ తడుతుంది. నా దృష్టిలో రెండో పక్షమే దూరం చూసింది. క్లబ్బు సభ్యుల చదువుతో ముగుస్తుంది, ప్రమాణం చదువు తర్వాతా వెంట వస్తుంది. 1906 డిసెంబర్ 4న ఫ్రాటర్నిటీ పక్షం గెలిచింది. స్థాపకులు ఏడుగురు: హెన్రీ కాలిస్, చార్ల్స్ చాప్‌మన్, యూజీన్ కింకిల్ జోన్స్, జార్జ్ కెల్లీ, నథానియెల్ మర్రీ, రాబర్ట్ ఓగిల్, వెర్ట్‌నర్ టాండీ. కాలిస్ వైద్యుడయ్యాడు. టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో నమోదైన తొలి నల్లజాతి వాస్తుశిల్పి, హార్లెమ్‌లోని సెయింట్ ఫిలిప్స్ చర్చి నిర్మాణంలో అతని చేయి ఉంది. పల్లెల నుంచి నగరాలకు వలస వచ్చిన నల్లజాతివారికి ఉపాధి, నివాసం చూపించే నేషనల్ అర్బన్ లీగ్‌ను జోన్స్ ఏళ్ల తరబడి నడిపించాడు. సహవిద్యార్థి వెనుదిరగకుండా చూసిన జోన్స్‌కూ, కొత్త నగరంలో దిక్కుతోచని కుటుంబానికి దారి చూపిన జోన్స్‌కూ మధ్య నాకు తేడా కనిపించదు.

సంఘం రెండో చాప్టర్, అంటే శాఖ, 1907లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో వచ్చింది. మరుసటి ఏడాది తొలి మహాసభ అక్కడే జరిగింది. అంతకన్నా కీలకమైన అడుగు 1911లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో పడింది. చదువు ముగించినవారి కోసం అక్కడ ప్రత్యేక చాప్టర్ ఏర్పడింది. క్యాంపస్ చాప్టర్‌లోని కుర్రాళ్లు నాలుగేళ్లకోసారి మారిపోతారు, వాళ్లు మొదలుపెట్టిన పని వాళ్లతోనే ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఊళ్లోనే స్థిరపడిన వైద్యులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు అదే సంఘంలో సభ్యులుగా కొనసాగితే పనికి వయసు పెరుగుతుంది. 1920కి అటూఇటూ ఈ రెండు రకాల చాప్టర్లూ కలిసి హైస్కూలుకు వెళ్లండి, కాలేజీకి వెళ్లండి అన్న ప్రచారం చేపట్టాయి. ఇప్పుడది సాదా నినాదంలా వినిపిస్తుంది. కానీ అప్పటి పరిస్థితి వేరు. జార్జియాలోని ఆగస్టా పట్టణం నల్లజాతి పిల్లల హైస్కూలును మూసేసి తెల్లపిల్లలకు మాత్రం కొనసాగిస్తే, అమెరికా సుప్రీంకోర్టు 1899లో దాన్ని తప్పుపట్టలేదు. దక్షిణాదిలో నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ హైస్కూలే అరుదైన కాలం అది. చదువుకున్న నల్లజాతి యువకుడు స్వయంగా బడికీ చర్చికీ వచ్చి నిలబడి మాట్లాడితే, పై చదువు అందేదేనని అక్కడి పిల్లలకు కళ్లారా తెలిసేది.

1930ల్లో ఓటు హక్కు ప్రచారం మొదలైంది. ఓటు లేని జనానికి ఆశ లేదన్నది దాని సారాంశం. ఓటు పన్ను, అక్షరాస్యత పరీక్షల పేరుతో దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతివారిని పోలింగ్ కేంద్రానికి దూరంగా ఉంచుతున్న రోజులవి. ఆ తర్వాత కోర్టులు. డొనాల్డ్ గెయిన్స్ మర్రీ అనే పట్టభద్రుడికి మేరీలాండ్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల చర్మం రంగు చూసి సీటు నిరాకరించింది. అతని తరఫున వాదించిన చార్ల్స్ హ్యూస్టన్, థర్‌గుడ్ మార్షల్ ఇద్దరూ ఆల్ఫా సభ్యులే, ఫ్రాటర్నిటీ కూడా ఆ కేసుకు దన్నుగా నిలిచింది. 1936లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మర్రీ పక్షాన తీర్పు చెప్పింది. రైలు భోజనశాలలో నల్లజాతివారిని తెర చాటున విడిగా కూర్చోబెట్టే పద్ధతిపై ఎల్మర్ హెండర్సన్ వేసిన కేసు ఖర్చును ఫ్రాటర్నిటీయే భరించింది. సంఘం జాతీయ అధ్యక్షుడు బెల్ఫోర్డ్ లాసన్ సుప్రీంకోర్టులో స్వయంగా వాదించాడు. 1950లో ఆ కేసూ గెలిచారు. ఇథాకాలో వడ్డన చేసి ఫీజు కట్టుకున్నవారు మొదలుపెట్టిన సంఘం, నల్లజాతి ప్రయాణికుడు తెర లేకుండా కూర్చుని తినే హక్కు సాధించింది.

ఈ చరిత్ర మగవాళ్లది మాత్రమే కాదు. 1908లో హోవార్డ్‌లో విద్యార్థినులు స్థాపించిన ఆల్ఫా కప్పా ఆల్ఫా సొరోరిటీ, 1935 నుంచి 1942 వరకు వేసవుల్లో మిసిసిపీ పల్లెల్లో వైద్యశిబిరాలు నడిపింది. నాయకురాలు డాక్టర్ డొరొతీ బౌల్డింగ్ ఫెరిబీ. పత్తి తోటల యజమానులు కూలీలను శిబిరాలకు పంపడానికి ఒప్పుకోకపోతే, ఈ మహిళలు తమ కార్లలో మందులు, టీకాలు వేసుకుని తోటలకే వెళ్లారు. పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు, తిండి, పరిశుభ్రత గురించి తల్లులకు చెప్పారు. కళాశాల సంఘాల సేవాచరిత్రలో దీనికి సాటిరాగల పని నాకు తెలిసి మరొకటి లేదు.

దీనికి ఎదురయ్యే మొదటి ఆక్షేపణ, ఇవి చదువుకున్న కొద్దిమంది హోదా సంఘాలని. సమాజశాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1950ల్లో నల్లజాతి మధ్యతరగతిపై రాసిన పుస్తకంలో ఈ ఆడంబరాన్ని నిర్దాక్షిణ్యంగా విమర్శించాడు. జాతిని ప్రతిభగల పదోవంతు నడిపిస్తుందని 1903లో రాసిన నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్స్, ఆ కొద్దిమందిలో స్వార్థం పెరగవచ్చని తాను ముందే ఊహించలేకపోయానని 1948లో అంగీకరించాడు. ఆయనా ఆల్ఫా సభ్యుడే. ఈ విమర్శలో బలం ఉంది. కోటు, బ్యాడ్జీ, విందు కోసమే చేరినవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. అయినా ఆ కొద్దిమంది ఒక సంఘంగా లేకుంటే హెండర్సన్ కేసు ఖర్చు ఎవరు పెట్టేవారు? ఆడంబరం సంఘాన్ని పాడు చేయగలదు, కానీ సంఘం చేసిన పనిని అది రద్దు చేయదు.

రెండో ఆక్షేపణకు ఇంత సులువైన జవాబు లేదు. కొత్తవారిని చేర్చుకునే పేరుతో జరిగే వేధింపు, కొరడా దెబ్బలు, బలవంతపు తాగుడు అమెరికాలో ఎందరో విద్యార్థుల ప్రాణాలు తీశాయి. తెల్లవారి సంఘాలూ, నల్లజాతి సంఘాలూ రెండూ ఈ నేరానికి బాధ్యులే. 1989లో ఒక ఆల్ఫా చాప్టర్ ప్రవేశ ప్రక్రియలో ఒక విద్యార్థి మరణించాక, 1990లో నల్లజాతి సంఘాలన్నీ నెలల తరబడి సాగే పాత ప్రవేశ పద్ధతిని రద్దు చేశాయి. చాటుగా మాత్రం అది ఆగలేదు. చేసిన సేవను ఈ నేరానికి పరిహారంగా లెక్కగట్టడం నాకు సమ్మతం కాదు. చేరబోయేవాడు మధ్యలో వెనుదిరగకుండా చూడడానికి పుట్టిన సంఘంలో చేరబోయేవాడే దెబ్బలు తినడం స్థాపనకే ద్రోహం.

మూడో ఆక్షేపణ నా వాదనను కొంత సవరిస్తుంది. వివక్ష అనుభవించని విద్యార్థులు కూడా సేవ చేశారు కదా? 1925లో పెన్సిల్వేనియాలోని లాఫయెట్ కళాశాలలో స్కౌట్ ఉద్యమం స్ఫూర్తితో పుట్టిన ఆల్ఫా ఫై ఒమేగా సేవకోసమే ఏర్పడిన ఫ్రాటర్నిటీ, 1976 నుంచి అమ్మాయిలనూ చేర్చుకుంటోంది. నిజమే, బాధ ఒక్కటే సేవకు మూలం కాదు. అయితే అక్కడా సేవ సంఘం ఉనికికే కారణం. సంఘం పార్టీలకోసం ఉండి, ఏడాదికోసారి విరాళాలు పోగుచేసే చోటే సేవ పల్చబడుతుంది.

ఈ కొలత మనవారికీ వర్తిస్తుంది. 1990ల్లో టెక్సస్, కాలిఫోర్నియా, న్యూయార్క్ క్యాంపస్‌లలో దక్షిణాసియా మూలాల విద్యార్థులు సొంత ఫ్రాటర్నిటీలు, సొరోరిటీలు పెట్టుకున్నారు. 1998లో ఆస్టిన్‌లో పుట్టిన డెల్టా ఎప్సిలాన్ సై వాటిలో ఒకటి. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకు వీటినుంచి ఆహ్వానాలు అందుతున్నాయి, వద్దని ఒక్కమాటతో కొట్టిపారేయడం సరికాదు. చాప్టర్ నిరుడు వారంవారం ఏం పని చేసిందో, పట్టభద్రులైన సభ్యులు ఇప్పటికీ అందులో పాలుపంచుకుంటున్నారో లేదో అడగాలి. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, వేధింపులకు పాల్పడినట్టు తేలిన విద్యార్థి సంఘాల వివరాలను కళాశాలలు బహిరంగంగా ప్రకటించాలి. పిల్లవాడు ప్రమాణం చేయకముందే తల్లిదండ్రులు ఆ నివేదికను తెరిచి చదవాలి.