చిన్న ఊళ్ళకు హామ్ రేడియో ఏ దారిన చేరింది?

మన దేశంలో ఔత్సాహికుల వైర్‌లెస్ అయిన హామ్ రేడియో చరిత్ర ఎవరు రాసినా కథ ఇంచుమించు ఒకటే. 1921లో అమరేంద్ర చంద్ర గుప్తూ, ఆ వెనకే ముకుల్ బోస్ లైసెన్సులు పొందారు. 1929లో మన కాల్‌సైన్లకు (స్టేషన్ల గుర్తు పేర్లకు) ‘వీయూ’ అన్న మొదలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రాగానే లైసెన్సుల జారీ ఆగిపోయింది, తర్వాత తిరిగి మొదలైంది. 1984లో, స్వయంగా హామ్ అయిన రాజీవ్ గాంధీ ప్రధాని అయ్యాక వైర్‌లెస్ పరికరాల మీద దిగుమతి సుంకం ఎత్తేశారు, దాంతో ఈ హాబీ దేశమంతా పాకింది. ఇందులో తొలి ఘట్టాలతో నాకు తగువు లేదు. ఆఖరి వాక్యమే ఒప్పుకోలేకపోతున్నాను. దాన్ని మహానగరం నుంచి చూసి రాశారు. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వంటి చిన్న ఊళ్ళ వైపు నుంచి చూస్తే సుంకం మాఫీ తలుపు తీసిందనే మాట నిలవదు.

లైసెన్సుల సంఖ్య పెరిగింది కదా అంటారు. నిజమే, 2000 నాటికి దేశంలో పదివేల మంది దాకా అయ్యారు. కానీ ఆ అంకె పరీక్ష గట్టెక్కినవాళ్ళది, గాలిలో గొంతు వినిపించినవాళ్ళది కాదు. సుంకం పోయినా జపాను సెట్టు ధర పోలేదు. చిన్న ఊరి బడిపంతులుకో రేడియో మెకానిక్కుకో అది నెలల జీతం. పైగా ధర ఒక్కటే అడ్డు కాదు. అప్పటి నిబంధనల్లో రెండో గ్రేడుకు నిమిషానికి 5 పదాలు, మొదటి గ్రేడుకు 12 పదాలు మోర్స్ కోడ్‌లో పంపాలి, అందుకోవాలి. పుస్తకం చూసి వర్ణమాల బట్టీ పట్టవచ్చు గానీ, వేగం చెవికి పట్టాలంటే అవతల కీ కొట్టేవాడొకడు ఉండాలి. బెంగళూరులో అలాంటివాళ్ళు ఉండేవారు, క్లబ్బులు ఉండేవి, పరీక్ష జరిగేదీ అక్కడే. నూరు కిలోమీటర్ల దూరాన బాగేపల్లిలో ఉన్నవాడికి ప్రతి ఆదివారం బస్సెక్కి పోవడమే చదువు. మోర్స్ అక్కర్లేని రిస్ట్రిక్టెడ్ తరగతి పెట్టారు గానీ, మొదట్లో దాన్ని వీహెచ్ఎఫ్‌కే పరిమితం చేశారు. వీహెచ్ఎఫ్ తరంగం దాదాపు చూపు సాగినంత మేరే సాగుతుంది. చిక్కబళ్ళాపురం చుట్టూ పంచగిరులు. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ ఎక్కి మాట్లాడితే చాలా దూరం పోతుంది. ఆ కొండ కింద ఇంట్లో కూర్చుని చేతి సెట్టుతో మాట్లాడేవాడికి మాత్రం అదే కొండ గోడ. ఇంత అడ్డుండగా సుంకం ఒక్కటి తీసేస్తే ఊళ్ళకు దారి పడిందనడం సరి కాదు.

బెంగళూరు పరిశోధనా సంస్థల పొరుగే ఈ ప్రాంతానికి విద్య అందించి ఉంటుందని మరో ఊహ చేయవచ్చు. చిక్కబళ్ళాపురం జిల్లాలోనే గౌరీబిదనూరు దగ్గర 1970లలో కట్టిన రేడియో టెలిస్కోపు ఉంది. వెయ్యి డైపోల్ యాంటెనాలు, 34.5 మెగాహెర్ట్జ్. హామ్ ఇంటి మిద్దె మీద కట్టే తీగదీ మూలంలో ఆ డైపోల్ సూత్రమే. అయినా ఈ వాదన నాకు బలహీనంగానే కనిపిస్తుంది. పెద్ద సంస్థ తన పని తాను చేసుకుంటుంది. పక్క ఊరి కుర్రాడి చేతికి కావలసింది సోల్డరింగ్ ఐరన్, దాన్ని పెట్టాల్సిన చోటు చూపించే మనిషి. సామీప్యం వీటిని దానంతట అది ఇవ్వదు.

ఆ లోటు తీర్చినది నా లెక్కలో హైదరాబాదు నుంచి వచ్చింది. అష్‌హర్ ఫర్హాన్ 2000ల తొలి ఏళ్ళలో రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చిన ‘బిట్ఎక్స్20’ అనే రేడియో సెట్టు సర్క్యూట్ అది. దాని విశిష్టత చవకదనం ఒక్కటే అనుకుంటే సగమే చూసినట్టు. విదేశీ డిజైన్లు అడిగే టొరాయిడ్లు (తీగ చుట్టే ఉంగరాలు) మన చిన్న ఊళ్ళ బజారులో దొరకవు. ఫర్హాన్ వాటి బదులు కొళాయి వాషర్ మీద ఎనామిల్ తీగ చుట్టించాడు. ప్రత్యేకమైన ఫిల్టరు కొనమనకుండా, కంప్యూటర్లలో వాడే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్ళు కొన్ని తెచ్చుకుని, పౌనఃపున్యం దగ్గర దగ్గరగా ఉన్నవి ఏరుకొమ్మన్నాడు. వాటికి 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటరు కలిస్తే 14 మెగాహెర్ట్జ్ బ్యాండు. చివర ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టరు, కొద్ది వాట్ల శక్తి. వాషర్ హార్డ్‌వేర్ కొట్టులో, మిగతావి చాలావరకు రేడియో రిపేరు సామాన్లలో దొరికేవే. సెట్టు ఎలా పనిచేస్తుందో ఆ పక్కనే వివరించాడు. అందుకే కట్టినవాడికి సెట్టుతో పాటు పరీక్షకు పనికొచ్చే విద్య కూడా అబ్బింది. ఊళ్ళో లేని గురువు లోటును కాగితం మీది సర్క్యూట్ కొంతైనా పూరించింది.

ఈ వాదనకూ హద్దులున్నాయి. వాషర్ల మీద తీగ చుట్టి సెట్టు పలికించడానికి ఓపికతో పాటు కొలిచే పరికరాలూ కావాలి, మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళు తక్కువ కాదు. 14 మెగాహెర్ట్జ్ దూర దేశాలకు బాగుంటుంది గానీ పక్క జిల్లాకు అంతగా పనికిరాదు. 2016లో 7 మెగాహెర్ట్జ్ కోసం తయారు బోర్డుగా ‘బిట్ఎక్స్40’ వచ్చాక ఈ ఇబ్బంది తీరింది. ఆ బ్యాండుకు యాంటెనా అంటే ఇరవై మీటర్ల రాగి తీగ. నడిమిని ఇనుప పైపు మీదికెత్తి, రెండు కొసలనూ పిట్టగోడల వైపు దించి కడితే చాలు. అపార్టుమెంట్ల బెంగళూరులో దొరకని ఈ జాగా చింతామణి మిద్దెకు ఉంది. పగలు ఆ తరంగం పైకెళ్ళి తిరిగొచ్చి కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది, బాగేపల్లి మనిషి హైదరాబాదు మనిషితో తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. నిబంధనలు మారి రిస్ట్రిక్టెడ్ వాళ్ళకూ మోర్స్ లేకుండా ఈ బ్యాండులో చోటు ఇవ్వకపోయి ఉంటే సర్క్యూట్ ఒక్కటే ఇంత పని చేసేది కాదని కూడా ఒప్పుకోవాలి.

నేటి స్థితి నాకు పూర్తిగా తృప్తినివ్వడం లేదు. హామ్ అంటే తుఫాను, సునామీ వేళ సాయం అన్న ప్రచారమే ఎక్కువ వినిపిస్తుంది. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26న హామ్ భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో చేసిన సేవ అబద్ధం కాదు. కానీ ఆ బృందం అక్కడికి వెళ్ళింది హాబీ కోసం, దూర దేశాల హామ్‌లతో మాట్లాడటానికి. రోజూ వాడి చేతికి అలవాటైన సెట్టే ఆపదలో పనికొచ్చింది. ఆ రోజువారీ సాధనకు చిన్న ఊళ్ళలో ఇప్పటికీ ఏర్పాటు తక్కువ. ఆన్‌లైన్లో చవక చైనా చేతి సెట్లు సులువుగా దొరుకుతున్నాయి, లైసెన్సు ఊసే లేకుండా కొని మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. బిట్ఎక్స్ కూడా తయారు బోర్డు అయ్యాక వాషర్ మీద తీగ చుట్టే చెయ్యి తగ్గింది. దాన్ని లాభమని మాత్రమే లెక్కవేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ప్రదర్శనల కోసం బెంగళూరు నుంచి వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయే బృందాల కన్నా, చింతామణి హైస్కూల్లో వారానికొక పూట మోర్స్ కీ, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చునే ఒక్క మనిషి వల్లే ఈ ఊళ్ళకు ఎక్కువ ఉపయోగం ఉంటుందని నా నమ్మకం.