మన బడుల్లో సైన్సు ప్రదర్శనలు – పుట్టుక, నడక

ప్రత్యేక సంచికలో జి.ఓ.లు, పెన్షను లెక్కలతోపాటు మన వృత్తుల చరిత్రకు కూడా కొంత చోటివ్వాలని సంపాదకవర్గం వారు నిర్ణయించడం ముదావహం. 1971 నుంచి 2006 వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సైన్సు ఉపాధ్యాయునిగా పనిచేసిన నేను, సైన్సు ఫెయిరు అనేది మన దేశంలో ఎలా వచ్చింది, ఏ ఉద్దేశంతో వచ్చింది, ఎటు నడిచింది అనే విషయాన్ని నాకు తెలిసినంతలో మిత్రులతో పంచుకోదలిచాను.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో హైస్కూలు సైన్సు అంటే చాలాచోట్ల నల్లబల్ల మీద బొమ్మ, నోటుపుస్తకంలో జవాబు. 1952–53లో పనిచేసిన ముదలియార్ కమిషన్ సామాన్య శాస్త్రాన్ని విద్యార్థులందరూ చదవాలని సిఫారసు చేసింది. 1956లో సిమ్లా కొండల్లోని తారాదేవిలో సైన్సు బోధనపై అఖిల భారత సదస్సు జరిగింది. పాఠ్యప్రణాళిక, ప్రయోగ సామగ్రి, పరీక్షలతోపాటు బడుల్లో సైన్సు క్లబ్బుల గురించి కూడా అక్కడ చర్చించారు. క్లబ్బులో పిల్లలు ఏడాది పొడవునా ఏదో ఒకటి చేయాలి, చేసినదాన్ని పదిమందికీ చూపాలి. ప్రదర్శన అనే ఆలోచనకు వేరు ఇక్కడ ఉంది. ఏడాది పనికి అది పంట నూర్పిడి వంటిదే తప్ప, పని లేకుండా జరిపే తిరునాళ్ల కాదు.

1961 సెప్టెంబరు 1న ఎన్.సి.ఇ.ఆర్.టి. ఏర్పడింది. 1963 డిసెంబరులో యునెస్కో తరఫున సోవియట్ నిపుణుల బృందం వచ్చి మన సైన్సు బోధనను పరిశీలించింది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను మాధ్యమిక తరగతుల నుంచే విడివిడిగా చెప్పాలని సూచించింది. యునిసెఫ్ సహాయంతో ప్రయోగాల పెట్టెలు బడులకు చేరసాగాయి. 1963లోనే సైన్సు ప్రతిభాన్వేషణ పరీక్ష ఢిల్లీలో మొదలై, మరుసటి ఏడాది దేశమంతటికీ విస్తరించింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ల చదువులో సైన్సు, గణితం అందరికీ తప్పనిసరి కావాలన్నది.

ఇక్కడొక విషయం గమనించాలి. ఒకవైపు వేలమందిలో నుంచి కొద్దిమంది మెరికలను ఏరాలనే తపన, మరొకవైపు ప్రతి పిల్లవాడి చేతా ప్రయోగం చేయించాలనే ఆశయం. రెండూ మంచివే. కానీ ఒకే గదిలో, ఒకే టీచరుతో, ఒకే గంటలో రెండూ జరగాలంటే ఏదో ఒకటి వెనుకబడక తప్పదు. మన సైన్సు ప్రదర్శనల కథంతా ఈ రెంటి మధ్య లాగులాటే.

జాతీయ స్థాయి బాలల సైన్సు ప్రదర్శనను ఎన్.సి.ఇ.ఆర్.టి. 1971లో ప్రారంభించింది. నేను కొలువులో చేరిందీ ఆ ఏడాదే. తరువాత అది జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో వేర్వేరు రాష్ట్రాల్లో జరుగుతూ వచ్చింది. 2023 డిసెంబరులో యాభయ్యవ ప్రదర్శన రాష్ట్రీయ బాల వైజ్ఞానిక ప్రదర్శని అనే పేరుతో పూణేలో జరిగింది. బడి, జిల్లా, రాష్ట్రం, దేశం – ఇదీ మెట్ల వరస.

మా తొలినాళ్లలో పిల్లలు తెచ్చిన వస్తువులు ఇప్పుడు తలచుకుంటే ముచ్చటేస్తుంది. మాడిపోయిన బల్బులో నీళ్లు పోసి భూతద్దం, అట్టపెట్టెలో అద్దం ముక్కలు అమర్చి పెరిస్కోపు, వాడేసిన ఇంజెక్షన్ సీసాలతో పరీక్షనాళికలు! ఖర్చు తక్కువ, ఆలోచన ఎక్కువ.

అదే కాలంలో బీరువాలో అసలు సామగ్రి ఉండేది. కానీ తాళం హెడ్మాస్టరు గారి దగ్గర. బీకరు పగిలితే స్టాకు రిజిస్టరులో ఎవరు రాయాలి, ఆడిట్ వారికి ఎవరు జవాబివ్వాలి, జీతంలోంచి రికవరీ పెడితే ఎవరు భరించాలి? ఈ భయంతో కొత్త పెట్టె కొత్తగానే పదేళ్లుండేది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్లు వచ్చినప్పుడూ ఎన్నోచోట్ల ఇదే తంతు. మన ఉద్యోగ మిత్రులకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

1980ల మధ్యలో ఒక ఊళ్లో నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన అమ్మాయి నాలుగు బావుల నీళ్లు నాలుగు సీసాల్లో తెచ్చింది. ఒక్కొక్కదానిలో సబ్బు ద్రావణం చుక్కలు వేస్తూ, నురుగు నిలవడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టి పట్టిక రాసింది. పోల్చడానికి ఐదో సీసాలో వాన నీళ్లు. ఫలానా బావి నీళ్లలో కందిపప్పు ఉడకదని ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు. ఎందుకు ఉడకదో ఆ పట్టిక చెప్పింది. జిల్లా ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఆ బల్ల ముందు నిమిషం కూడా ఆగలేదు. పక్కనే రంగు దీపాలతో, పెయింటరు చేత వేయించిన ఆనకట్ట నమూనాకు బహుమతి వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం తిరుగు బస్సులో, "మాస్టారూ, చెరువు నీళ్లు కూడా చూద్దామా?" అని అడిగింది. బహుమతి కంటే పెద్ద ఫలితం అదేనని నా నమ్మకం.

ఇటువంటి పనికి సరైన వేదిక 1993లో వచ్చింది. కేంద్ర సైన్సు, టెక్నాలజీ శాఖ ఆధ్వర్యంలో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్‌లో పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊరి సమస్యను తీసుకుని, పరిశీలించి, కొలిచి, నివేదిక రాస్తారు. తమ భాషలోనే చెప్పవచ్చు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడులతో మొదలైన సైన్సు బోధనా కార్యక్రమం ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ పాఠమే ప్రయోగం, పరీక్షలో పుస్తకం తెరుచుకోవచ్చు, చేతితో చేసి చూపే పరీక్ష కూడా ఉండేది. మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపివేసింది. పరీక్ష మారితేనే పాఠం మారుతుందని నిరూపించిన ప్రయత్నమది.

2008లో కేంద్రం ఇన్‌స్పైర్ పథకాన్ని ప్రారంభించింది. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి మొదట ఐదు వేలు, తర్వాత మానక్ పేరుతో పది వేల రూపాయలు ఇచ్చారు. పేద పిల్లవాడికి ఆ సొమ్ము పెద్ద ఊతమే. అయితే డబ్బు వెంట అంగడీ వచ్చింది. పట్నాల్లో తయారు నమూనాలు అమ్ముతున్నారు. థర్మోకోల్ అగ్నిపర్వతం కొనడం సులువు, సబ్బు చుక్కలు లెక్కపెట్టడం కష్టం. ప్రదర్శన మార్గదర్శకాలు పిల్లల సొంత ఊహకు, తక్కువ ఖర్చుకు, ఉపయోగానికి విలువనివ్వమంటాయి. కాగితం మీద లోపం లేదు. బల్ల ముందు నిలబడి చూసేవారి ఓపికలోనే ఉంది లోపం.

మన సంఘంలో సైన్సు టీచర్లు, ఇంజనీర్లు, ప్రయోగశాల సహాయకులు ఎందరో ఉన్నారు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవానికో, మండల ప్రదర్శనకో న్యాయనిర్ణేతలుగా మనల్ని పిలుస్తూనే ఉంటారు. వెళ్లినప్పుడు శాలువా కప్పించుకుని వచ్చేయకుండా, ప్రతి బల్ల దగ్గరా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇది నీకెలా తోచింది? మొదటిసారి పనిచేయకపోతే ఏం చేశావు? దీన్ని విప్పి మళ్లీ బిగించగలవా? జవాబు చెప్పగలిగిన బిడ్డ నమూనా వంకరగా ఉన్నా సరే, మార్కులు అక్కడే వేద్దాం. ఈ పనికి జి.ఓ. రానక్కరలేదు, బడ్జెట్టూ అక్కరలేదు. మన దగ్గర కావలసినంత ఉన్న తీరిక చాలు.