ట్రాన్సిట్ వీసా

ఒక దేశం నుండి మరొక దేశానికి వెళ్తూ, దారిలో మూడవ దేశపు విమానాశ్రయంలో విమానం మారే ప్రయాణికునికి ఆ మూడవ దేశం ఇచ్చే అనుమతిని ట్రాన్సిట్ వీసా అంటారు. అన్ని మజిలీలకూ ఇది అవసరం లేదు. ప్రయాణికుని పౌరసత్వం, మజిలీ చేసే దేశపు చట్టం, విమానాశ్రయంలోని ఏర్పాట్లు, టికెట్టు స్వభావం అనే నాలుగు అంశాలను బట్టి ఇది నిర్ణయమవుతుంది. మజిలీ ఎన్ని గంటలన్నది చాలా సందర్భాలలో వీటి తరువాతి విషయమే.

ట్రాన్సిట్ ప్రాంతం

అనేక అంతర్జాతీయ విమానాశ్రయాలలో ఇమ్మిగ్రేషన్ తనిఖీ దాటకుండానే తదుపరి విమానం కొరకు వేచి ఉండే ప్రాంతం ఒకటి ఉంటుంది. అక్కడ ఉన్నవారిని ఆ దేశంలో ప్రవేశించినట్లుగా లెక్కించరు. అయితే అది ఏ దేశానికీ చెందని స్థలమనే నమ్మకం సరికాదు. 1992లో కొందరు సోమాలియా దేశీయులను పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయంలో, దాని అంతర్జాతీయ ప్రాంతం కిందకు తెచ్చిన హోటలులో 20 రోజులు నిర్బంధించారు. ఇది వారి స్వేచ్ఛను హరించడమేనని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1996లో తీర్పు చెప్పింది. 2013లో అమెరికా పాస్‌పోర్టు రద్దు చేయడంతో ఎడ్వర్డ్ స్నోడెన్ మాస్కోలోని షెరెమెట్యెవో విమానాశ్రయపు ట్రాన్సిట్ ప్రాంతంలో జూన్ 23 నుండి ఆగస్టు 1 వరకు ఉండవలసి వచ్చింది.

ఇమ్మిగ్రేషన్ దాటవలసిన సందర్భాలు

ప్రయాణమంతటికీ ఒకే టికెట్టు ఉన్నపుడు సామాను సాధారణంగా గమ్యస్థానానికే చేరుతుంది. చౌకగా లభిస్తాయని రెండు టికెట్లు విడివిడిగా కొన్నవారు మాత్రం తరచుగా మధ్యలో సామాను తీసుకొని మరల అప్పగించవలసి ఉంటుంది. ఇందుకు ఇమ్మిగ్రేషన్ దాటాలి, అనగా ఆ దేశంలో ప్రవేశించాలి. లండన్‌లో హీత్రో వద్ద దిగి గాట్విక్ నుండి బయలుదేరేవారి పరిస్థితి కూడా ఇదే.

షెంజెన్ దేశాలలో ఎక్కువమందిని తికమక పెట్టే చిక్కు మరొకటి ఉన్నది. ఈ దేశాల మధ్య నడిచే విమానాలు దేశీయ విమానాల వంటివి. హైదరాబాదు నుండి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుండి మాడ్రిడ్, ఆపై దక్షిణ అమెరికా వెళ్ళే ప్రయాణికుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే షెంజెన్ ప్రాంతంలో ప్రవేశిస్తాడు. విమానాశ్రయం దాటనివ్వని ట్రాన్సిట్ వీసా అతనికి సరిపోదు, షెంజెన్ ప్రవేశ వీసాయే కావాలి.

వివిధ దేశాల నిబంధనలు

అమెరికాలో అంతర్జాతీయ మజిలీ ప్రయాణికులకు వేరే ట్రాన్సిట్ ప్రాంతం లేదు. విమానం మారడానికి కూడా ఇమ్మిగ్రేషన్ దాటాలి కనుక భారతీయులకు సి-1 వీసా గాని, చెల్లుబాటులో ఉన్న సందర్శక వీసా వంటిది గాని ఉండాలి. వీసా లేకుండా విమానం మారే పాత సౌకర్యాన్ని భద్రతా కారణాలతో 2003 ఆగస్టులో నిలిపివేశారు.

షెంజెన్ దేశాల 2009 నాటి వీసా నియమావళి, ట్రాన్సిట్ ప్రాంతం దాటకపోయినా వీసా తీసుకోవలసిన 12 దేశాల ఉమ్మడి జాబితా ఇచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక అందులో ఉన్నాయి, భారతదేశం లేదు. కానీ సభ్యదేశాలు తమ సొంత జాబితాలలో ఇతర దేశాలను చేర్చుకోవచ్చు. అందుచేత ఒక నగరంలో అక్కరలేని వీసా మరొక నగరంలో కావలసి రావచ్చు.

బ్రిటన్‌లో ఇమ్మిగ్రేషన్ దాటకపోయినా భారతీయులకు ట్రాన్సిట్ వీసా అవసరం. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వీసాలు చెల్లుబాటులో ఉన్నవారికి మినహాయింపు ఉన్నది. అమెరికాలోని తెలుగు విద్యార్థులు జాగ్రత్త వహించవలసిన విషయం ఇక్కడే ఉన్నది. అమెరికా వీసా ఆ దేశంలో ప్రవేశించడానికే. దాని గడువు తీరినా చదువు కొనసాగుతున్నంత కాలం అక్కడ చట్టబద్ధంగా ఉండవచ్చు. కానీ అటువంటి విద్యార్థి లండన్ మీదుగా ఇంటికి రావాలంటే మినహాయింపు వర్తించదు, ముందుగా ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి.

దుబాయ్, దోహా, సింగపూరు విమానాశ్రయాలలో లోపలే ఉండి విమానం మారే భారతీయులకు వీసా అక్కరలేదు. భారతదేశం విదేశీయులకు ఇచ్చే ట్రాన్సిట్ వీసాపై గరిష్ఠంగా మూడు రోజులు ఉండవచ్చు.

విమాన సంస్థల బాధ్యత

సరైన పత్రాలు లేనివారిని తీసుకువచ్చిన విమాన సంస్థలకు అనేక దేశాలు జరిమానా విధిస్తాయి. 2001 నాటి ఐరోపా ఆదేశం ప్రకారం కనీస జరిమానా ఒక్కొక్కరికి 3,000 యూరోలు, లేదా గరిష్ఠ జరిమానా 5,000 యూరోలకు తగ్గకుండా ఉండాలి. కనుక వీసా తనిఖీ మజిలీ దేశంలో కాక, బయలుదేరే విమానాశ్రయపు కౌంటరు వద్దనే మొదలవుతుంది. ఇందుకు సిబ్బంది సాధారణంగా ఐయాటా సంస్థ నిర్వహించే టైమాటిక్ అనే సమాచార నిధిని చూస్తారు. అందులో వీసా అవసరమని ఉంటే, గమ్యస్థానపు వీసా చేతిలో ఉన్నా విమానం ఎక్కనివ్వరు. ఇటువంటపుడు టికెట్టు సొమ్ము తిరిగి రావడం కూడా కష్టమే.