పౌండు పౌండుకీ బేరం

1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థార్ప్ మొదటి రోబో వార్స్ పోటీ పెట్టినప్పుడు యంత్రాలను కుస్తీవీరుల్లాగే బరువును బట్టి వర్గాలు చేశారు. ఉజ్జీలు సమంగా ఉండాలన్నదే ఉద్దేశం. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా పోరాట రోబోల రూపం మారుతూ వచ్చిందంటే, దానికి మోటార్లకన్నా, కంప్యూటర్లకన్నా ఆ తూకం నియమమే పెద్ద కారణం. పైకప్పు రేకు మందం పెంచితే మోటారు తగ్గించుకోవాలి. ఆయుధం బరువెక్కితే కవచం పలచబడాలి. రోబో ఏ పని బాగా చేయాలో తేల్చుకోవడమంటే, ఏ పని వదులుకోవాలో తేల్చుకోవడమే.

ఈ బేరం బాగా బయటపడింది రోబో వార్స్ తర్వాత వచ్చిన బ్యాటిల్‌బాట్స్ పోటీల్లో. కాళ్లతో నడిచే రోబోకు కీళ్లు ఎక్కువ, మోటార్లు ఎక్కువ, వేగం తక్కువ. చక్రాల ముందు అది నిలవలేదు కాబట్టి నిర్వాహకులు దానికి ఒకటిన్నర రెట్ల బరువు అనుమతించారు. మార్క్ సెట్రాకియన్ ఆరు కాళ్ల ‘మెకడాన్’ తెచ్చాడు. చూడ్డానికి అద్భుతమే గానీ ఛాంపియన్‌షిప్ దక్కలేదు.

2001లో విస్కాన్సిన్ నుంచి ‘సన్ ఆఫ్ వయాచీ’ వచ్చింది. దాని అడుగున తిరిగే క్యామ్‌లు చిన్న చిన్న పాదాలను ఎత్తి దించుతూ, యంత్రాన్ని దాదాపు జారినట్టే ముందుకు తోస్తాయి. నియమంలోని మాటలను బట్టి చూస్తే అది నడకే. కాళ్ల పేరుతో దక్కిన అదనపు బరువు, పైన గిరగిరా తిరిగే మూడు చేతుల ఆయుధానికి, దాన్ని మోసే దిట్టమైన చట్రానికి అక్కరకొచ్చింది. ఫైనల్లో అది ఓడించింది అల్లాటప్పా యంత్రాన్ని కాదు, నేలకు అతుక్కున్నట్టుండే ‘బయోహజార్డ్’ను. ఆ వెంటనే నిర్వాహకులు నిర్వచనం మార్చారు: అలా జరగడం ఇక నడక కాదు. ‘సన్ ఆఫ్ వయాచీ’ తర్వాత చక్రాల మీదే రావలసి వచ్చింది. దీన్ని మోసమనడం అన్యాయం. నియమంలో ఖాళీ ఎక్కడుందో పసిగట్టడం కూడా ఇంజనీరింగే.

నియమాన్ని వంచకుండా గెలిచిన ధైర్యమూ ఉంది. రే బిల్లింగ్స్ కట్టిన ‘టూంబ్‌స్టోన్’ 2016లో ఛాంపియన్ అయింది. దానికి ఇచ్చిన 250 పౌండ్లలో పావు వంతుకు పైగా ముందున్న ఉక్కు కడ్డీకే పోయింది. అది తిరిగే వేగం రెట్టింపైతే అందులో నిండే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే కవచాన్ని కుదించి, ఎదుటివాడు దగ్గరికి రాకముందే పని ముగించాలని పందెం కాశాడాయన.

సీసం బ్యాటరీల చోట లిథియం పాలిమర్ వచ్చి బోలెడు బరువు ఆదా అయింది. ఆ ఆదా కూడా చాలావరకు ఆయుధాల్లోకీ కవచాల్లోకీ వెళ్లిపోయింది. ఇటీవలి సీజన్లలో నిర్వాహకులు నిజమైన కాళ్లకు మళ్లీ రాయితీ ఇచ్చారు. కాళ్ల రోబో ‘చాంప్’ దాదాపు 500 పౌండ్లతో బరిలోకి నడిచొచ్చింది. ఛాంపియన్‌షిప్ మాత్రం దానికి ఇంతవరకూ దక్కలేదు.